గ్రీకు సమాధి శిల్పాల్లో ఎవరూ ఎందుకు ఏడవరు?

ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో సమాధి ఫలకాల గదులు చూసి వచ్చి మీరు అడిగిన ప్రశ్నలు ఇవి. ఒకామె పెట్టెలోంచి నగ తీసుకుని చూస్తోంది, ఇద్దరు చేతులు కలుపుకుని ఉన్నారు, ఒక యువకుడు తీరిగ్గా రాతికి ఆనుకున్నాడు. వీళ్లలో చనిపోయింది ఎవరు, బతికున్నది ఎవరు? ఒక్కరి కంటా తడి లేదేమిటి, గ్రీకులకు చావంటే దుఃఖం లేదా? పోనీ ఆ ముఖాలైనా నిజంగా ఆ మనుషులవేనా?

ముందు సూటిగా చెప్పేస్తాను. దుఃఖం ఉండేది, అదుపు చేయడానికి చట్టాలు చేయాల్సి వచ్చేంతగా ఉండేది. అయితే ఏడవడం మనుషుల పని, పేరు నిలపడం రాయి పని అని వాళ్లు పని పంచుకున్నారు. ముఖాలు ఆ మనుషులవి కావు. చనిపోయింది ఎవరో చాలా ఫలకాల్లో బొమ్మను బట్టి తేలదు, రాతను బట్టి తేలుతుంది. కొన్నింటిలో రాతను బట్టి కూడా తేలదు. వీటన్నిటికీ ఒకటే మూలం. ఆ శిల్పాలు మ్యూజియం గోడ కోసం చేసినవి కావు, ఊరి బయట దారి పక్కన నిలబెట్టడానికి చేసినవి. దారిన పోయేవాడు ఆగి, పేరు పైకి చదివి, ఫలానావారి అమ్మాయి, ఫలానావారి కొడుకు అనుకుని ముందుకు సాగాలి. ఆ దారిని మనసులో పెట్టుకోకుండా వాటిని చూస్తే సగం అర్థమే మిగులుతుంది. నేను కళాచరిత్ర విద్యార్థులకు ఈ భాగం చెప్పినప్పుడల్లా ముందు శిల్పం చూపించను, ఒక కుండ చూపిస్తాను. ఇక్కడా అలాగే మొదలుపెడతాను.

ఆ కుండ క్రీ.పూ. 760–750 ప్రాంతపు దిపిలోన్ ఆంఫోరా, అంటే రెండు పిడుల పెద్ద జాడీ. మీరు తిరిగిన మ్యూజియంలోనే ఉంది. ఎత్తు 1.55 మీటర్లు, అంటే దాదాపు మనిషంత. ఒక స్త్రీ సమాధి మీద గుర్తుగా నిలిపినది. ఒళ్లంతా గీతలు, గళ్లు, మెలికలు. చేతిపిడుల మధ్య మాత్రం ఒక చిన్న పట్టీలో మనుషులున్నారు. నడుమ పాడె, దాని మీద శవం, పైన గళ్ల దుప్పటి. ఆ దుప్పటి శవాన్ని కప్పేస్తే మనకు కనబడదు కాబట్టి చిత్రకారుడు దాన్ని పైకెత్తి పట్టినట్టు గీశాడు. అటూ ఇటూ నిలబడ్డవాళ్లు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నారు. రొమ్ము త్రికోణం, చేతులు రెండు కర్రలు, అంతే. అయినా అది జుట్టు పీక్కుంటూ గుండెలు బాదుకునే ఏడుపు అని ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ కాలపు ఇలాంటి పెద్ద పాత్రలు కొన్నింటికి అడుగున రంధ్రం ఉంటుంది. పైన పోసిన తర్పణం నేరుగా సమాధిలోకి దిగడానికి అది దారి అంటారు.

కాబట్టి గ్రీకు కళ మొదట్లో చూపించింది ఏడుపునే. అంత్యక్రియల క్రమం కూడా ఏడుపు చుట్టూ అల్లుకున్నదే. ఇంటి ఆడవాళ్లు శవానికి స్నానం చేయించి, నూనె రాసి, బట్టలు కట్టి, పడుకోబెట్టేవారు. బంధువులు వచ్చి చుట్టూ చేరి రాగాలు తీసేవారు. తరువాత పాడె లేచేది. మూడోనాడు, తొమ్మిదోనాడు, ముప్పయ్యోనాడు చేసే క్రతువులుండేవి, ఆపైన ఏటేటా సమాధి దగ్గరికి వెళ్లేవారు. పెద్ద కుటుంబాల్లో ఇది బలప్రదర్శనగా మారింది. ఎంత మంది వచ్చారు, ఎంత గట్టిగా ఏడ్చారు అన్నది ఊరంతా చూసేది. క్రీ.పూ. 594లో ఏథెన్స్‌లో పాలనాధికారం చేపట్టిన సోలోన్ దీనికి కళ్లెం వేశాడని ప్రాచీన రచయితలు రాశారు. చెంపలు గీరుకోకూడదు, శవాన్ని ఇంటి లోపలే ఉంచాలి, పాడె సూర్యోదయానికి ముందే బయలుదేరాలి, మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనుక నడవాలి, దగ్గరి చుట్టరికం లేని అరవై ఏళ్లలోపు స్త్రీలు వెంట వెళ్లకూడదు, మూడు కంటే ఎక్కువ బట్టలు శవంతో పాతిపెట్టకూడదు. ఇంత వివరంగా నిషేధించారంటే అవన్నీ జోరుగా జరుగుతున్నట్టే కదా.

రాయి చేసే పని వేరు. హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్‌లో ఒక మాట ఉంది. చనిపోయినవాడికి మట్టిదిబ్బ, దాని మీద నిలువురాయి, మృతుడికి దక్కాల్సిన గౌరవం ఇదే అని. ఇంకోచోట ట్రాయ్ వీరుడు హెక్టర్ తాను చంపబోయే శత్రువు సమాధి గురించి మాట్లాడతాడు. రాబోయే తరాల్లో ఎవడో ఓడ మీద పోతూ ఆ దిబ్బ చూసి, ఎప్పుడో చనిపోయిన వీరుడిది, వాణ్ని చంపింది హెక్టర్ అంటాడట. సమాధి అక్కడ లేనివాళ్ల కోసం, ఇంకా పుట్టనివాళ్ల కోసం కడతారన్న ఊహ అప్పటికే గట్టిగా ఉంది. అలా వచ్చే అపరిచితుడు మృతుణ్ని ఎరగడు, కాబట్టి ఏడుస్తున్న బంధువుల బొమ్మ అతనికి ఏమీ చెప్పదు. మృతుడు ఎలాంటివాడో చెప్పాలి. చక్కనివాడు, బలవంతుడు, మంచి ఇంటివాడు అని చూపించాలి.

అందుకే క్రీ.పూ. ఆరో శతాబ్దంలో సంపన్న కుటుంబాలు సమాధుల మీద కూరోస్ విగ్రహాలు నిలిపాయి. నగ్నంగా, నిటారుగా, ఎడమ కాలు ముందుకు వేసి నిలబడ్డ యువకులు. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అనావిసోస్‌లో దొరికిన క్రోయిసోస్ విగ్రహం. క్రీ.పూ. 530 ప్రాంతం, ఎత్తు 1.94 మీటర్లు. దొంగలు దాన్ని ముక్కలుగా కోసి దేశం దాటించారు. పారిస్‌కు చేరినది 1937లో తిరిగి గ్రీసుకు వచ్చింది. దానిదేనని చాలామంది పండితులు ఒప్పుకునే పీఠం మీద రెండు పంక్తుల పద్యం ఉంది. "ఆగు. చనిపోయిన క్రోయిసోస్ గుర్తు దగ్గర నిలబడి జాలిపడు. ముందు వరసలో పోరాడుతుండగా ఉగ్రుడైన ఆరెస్ ఒకనాడు అతణ్ని పొట్టనబెట్టుకున్నాడు." ఆరెస్ అంటే యుద్ధదేవుడు. మొదటి మాట ఏమిటో చూడండి. ఆగు! జాలిపడాల్సింది విగ్రహం కాదు, ఎదురుగా నిలబడ్డ మీరు. పైన చూస్తే పెదవుల మీద చిరునవ్వు, బలిసిన తొడలు, గాయం గుర్తు ఒక్కటీ లేదు. కింద చదివితే చావు. ఆ రెంటి మధ్య దూరాన్ని చూసేవాడి మనసు పూరిస్తుంది. ఏడుపు లేదన్న మీ ప్రశ్నకు జవాబు ఈ పీఠం మీదే ఉందని నా నమ్మకం.

ఫ్రసిక్లేయా దగ్గర ఇదే పద్ధతి మరింత పదునెక్కింది. ఆమె విగ్రహం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పీఠం, విగ్రహం, రంగు, పద్యం అన్నీ కలిసి దొరకడం ఈ రంగంలో అరుదు. పద్యం ఉన్న పీఠం శతాబ్దాలుగా అందరికీ తెలిసినదే. ఏథెన్స్ చుట్టూ ఉన్న అత్తికా ప్రాంతంలోని మెరెందాలో ఒక చర్చి కట్టడంలో ఇమిడిపోయి ఉండేది. 1972లో దానికి దగ్గర్లోనే తవ్వకాల్లో ఒక గోతిలో రెండు విగ్రహాలు పక్కపక్కన పడుకోబెట్టి దొరికాయి, ఒకటి యువకుడు, ఒకటి అమ్మాయి. అమ్మాయి పాదాల అడుగున ఉన్న సీసపు కట్టు చర్చి దగ్గరి పీఠంలోని గుంటకు సరిగ్గా సరిపోయింది. విడిపోయిన పేరూ బొమ్మా అలా కలిశాయి. పీఠం పక్కన చెక్కినవాడి సంతకం కూడా ఉంది, పారోస్ ద్వీపానికి చెందిన అరిస్తియోన్. కాలం క్రీ.పూ. 550–540 ప్రాంతం.

పద్యంలో మాట్లాడేది ఆ అమ్మాయే. "ఇది ఫ్రసిక్లేయా గుర్తు. నన్ను ఎప్పటికీ కన్య అనే పిలుస్తారు. పెళ్లికి బదులుగా దేవతలు నాకు ఈ పేరు ఇచ్చారు." ఇప్పుడు విగ్రహం చూడండి. ఎర్రని పొడవాటి వస్త్రం, దాని మీద పువ్వుల అలంకారం, చెవులకు కమ్మలు, మెడలో హారం, చేతులకు కడియాలు. ఒక చేత్తో వస్త్రం అంచు పట్టుకుంది, రెండో చేతిని ఛాతీ దగ్గరికి తెచ్చి తామర మొగ్గ పట్టుకుంది. తలమీద కిరీటంలోనూ తామరలే. ముస్తాబు చూస్తే పెళ్లికూతురే. చేతిలో మొగ్గ మాత్రం ఇంకా విచ్చుకోలేదు. దారిన పోయేవాడు పద్యాన్ని పైకి చదివితే, గ్రీకులు సాధారణంగా చదివేది అలాగే కాబట్టి, "నన్ను" అన్న మాట అతని నోటి నుంచే వస్తుంది. చనిపోయిన అమ్మాయికి ఒక్క క్షణం అపరిచితుడి గొంతు అరువు దొరుకుతుంది. ఇంతకంటే గొప్పగా మృతులను తలుచుకునే ఉపాయం ప్రపంచ కళలో నాకు తెలియదు.

తరువాత ఏథెన్స్‌లో ఒక వింత జరిగింది. క్రీ.పూ. 500 ప్రాంతం నుంచి సుమారు డెబ్బయ్యేళ్లపాటు చెక్కిన సమాధి రాళ్లు దాదాపు కనబడవు. మూడు రోజుల్లో పదిమంది చేయగలిగిన పనిని మించి సమాధికి చేయకూడదని సోలోన్ తర్వాత ఎప్పుడో చట్టం తెచ్చారని రోమన్ రచయిత సిసెరో రాశాడు. కారణం అదొక్కటే అని నేననుకోను. ప్రజాస్వామ్యం వచ్చింది, పెద్దింటి ఆడంబరం కంటగింపుగా మారింది. పర్షియా సైన్యం ఊరిని తగలబెట్టి వెళ్లాక క్రీ.పూ. 479లో ఆదరాబాదరాగా కోటగోడ కట్టారు, దొరికిన రాయల్లా అందులో వేశారు. సమాధుల రాళ్లు ఎన్నో ఆ గోడలోకి వెళ్లాయని ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. తవ్వకాలు అతని మాట నిజమని తేల్చాయి. 1922లో ఆ గోడలోంచి బయటపడ్డ ఒక కూరోస్ పీఠం మీద కుస్తీ పడుతున్న కుర్రాళ్లున్నారు. ఇంకో వైపున కూర్చున్న యువకులు ఒక కుక్కనూ పిల్లినీ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి వేడుక చూస్తున్నారు. మ్యూజియంలో దాన్ని దాటి వెళ్లిపోయి ఉంటే ఈసారి తప్పక ఆగండి.

మృతుల జ్ఞాపకం ఆ ఏళ్లలో కుటుంబం చేతుల్లోంచి నగరం చేతుల్లోకి వెళ్లింది. యుద్ధంలో పోయినవాళ్ల ఎముకలను మూడు రోజుల ముందు నుంచి గుడారంలో ఉంచి, తెగకు ఒకటి చొప్పున పది సైప్రస్ చెక్క పెట్టెల్లో ఊరేగించేవారు. శవం దొరకనివాళ్ల కోసం ఖాళీ పాడె ఒకటి దుప్పటి పరిచి తీసుకెళ్లేవారు. నగర శివార్లలో ప్రజల ఖర్చుతో సమాధి కట్టి, ఫలకం మీద పేర్లు చెక్కేవారు. ఆ జాబితాల్లో తెగల వారీగా పేర్లు మాత్రమే ఉంటాయి, తండ్రి పేరు ఉండదు. ఇది చిన్న సంగతి కాదు. గ్రీకు మనిషిని తండ్రి పేరు లేకుండా రాయడమంటే ఇకపై ఇతను నగరం బిడ్డ అని ప్రకటించడమే.

మరి కుటుంబాలు ఊరుకున్నాయా? లేదు. రాయి లేకపోతే కుండ. తెల్లపూత మీద సన్నని గీతలతో బొమ్మలు వేసిన లెకిథోస్ అనే నూనె సీసాలు సమాధుల దగ్గర పెట్టడం అప్పుడే ఊపందుకుంది. వాటి మీద కనబడేది సమాధికి వెళ్లే దృశ్యమే. ఒకామె బుట్టలో రిబ్బన్లు తెచ్చింది, రాతి చుట్టూ కడుతోంది. అవతలి పక్కన ఒక యువకుడు నిలబడ్డాడు. అతను ఎవరు? ఆమెతో వచ్చినవాడా, ఆమె ఎవరి కోసం వచ్చిందో ఆ మృతుడా? చాలా సీసాల మీద చిత్రకారుడు ఈ ప్రశ్నను అలాగే వదిలేశాడు. కొన్ని సీసాల లోపల చిన్న గిన్నె ఒకటి అమర్చి ఉంటుంది, నూనె కొంచెమే పోసినా నిండుగా కనబడేలా. లేమిలో కూడా తమవాళ్లకు లోటు చేయలేదని చూపించుకోవాలన్న ఆరాటం అందులో ఉంది, అది నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

చెక్కిన ఫలకాలు ఏథెన్స్‌లో మళ్లీ కనబడేది క్రీ.పూ. 430 ప్రాంతంలో. మధ్యలో ద్వీపాల్లో, థెస్సలీలో అవి ఆగలేదు. క్రీ.పూ. 450–440 ప్రాంతంలో పారోస్‌లో చెక్కిన ఒక బాలిక ఫలకం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ పిల్ల రెండు పావురాలను పట్టుకుని, ఒకదాని ముక్కుకు తన పెదవులు ఆనించింది. ఇలాంటి పనివాళ్లకు పార్థెనాన్ ఆలయ నిర్మాణం ఏథెన్స్‌లో పని చూపించింది. ఆలయ శిల్పాలు క్రీ.పూ. 432 నాటికి పూర్తయ్యాయి. చేయి తిరిగిన శిల్పులు ఊరినిండా ఉన్నారు, స్పార్టాతో యుద్ధం మొదలైంది, క్రీ.పూ. 430లో మహమ్మారి వచ్చి శవాల మీద శవాలు పడ్డాయి. కుటుంబాలు మళ్లీ తమ మృతులను తామే తలుచుకోవాలనుకున్నాయి. ఈ కారణాల్లో ఒకదాన్నే పట్టుకుని మిగతావి తోసేయడం నాకు సరిగా తోచదు.

మీరు చెప్పిన నగ చూసే ఆమె హెగెసో. క్రీ.పూ. 410–400 ప్రాంతం. 1870లో ఏథెన్స్‌లోని కెరామైకోస్ శ్మశానంలో దొరికింది. పైన కప్పు అంచున పేరుంది, హెగెసో, ప్రొక్సెనోస్ కూతురు. వంపు కాళ్ల కుర్చీలో కూర్చుంది, పాదాలు చిన్న పీట మీద ఉన్నాయి. ఎదురుగా నిలబడ్డ పరిచారిక పెట్టె తెరిచి పట్టుకుంది. హెగెసో కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఏదో ఎత్తి పట్టుకుని చూస్తోంది, అక్కడ రాయి ఖాళీ. ఆ నగ ఒకప్పుడు రంగుతో వేసినది, రంగు పోయింది. ఇప్పుడు మన కంటికి ఆమె శూన్యాన్ని చూస్తున్నట్టుంటుంది. దానికి లోతైన అర్థాలు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట నమ్మకండి. శిల్పి ఉద్దేశించింది హారమే. ముసుగు మడతలు జుట్టు మీద ఎంత పలుచగా పడ్డాయో, పరిచారిక పొడుగు చేతుల చొక్కా ఎలా నిలువుగా, పెద్దగా మడతలు లేకుండా ఉందో పోల్చి చూడండి. ఇంటి యజమానురాలికీ పనిమనిషికీ మధ్య ఉన్న అంతరం గుడ్డలోనే చెప్పేశాడు. పెట్టె కూడా ఊరికే లేదు. పెళ్లయిన స్త్రీ, ఇల్లు, సంపద, పద్ధతి అన్నీ దానితో వచ్చేస్తాయి. దారిన పోయేవాడికి అందాల్సిన సమాచారం అది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ఫలకం ఒంటరిది కాదు. మెలితే ఊరివాడైన కొరోయిబోస్ కుటుంబ ఆవరణలో నిలిచినది. మధ్యలో పేర్లు రాసిన ఎత్తయిన నిలువురాయి, ఒక పక్కన హెగెసో, మరో పక్కన క్లెయిదెమోస్ పేరుతో పెళ్లినీళ్ల కుండ చెక్కిన రాయి. ఆ కుండను లుట్రోఫోరోస్ అంటారు, పెళ్లికాకుండా పోయినవాళ్లకు గుర్తుగా పెట్టేవారు. హెగెసో బహుశా కొరోయిబోస్ భార్య. దారి మీద నడిచేవాడికి ఒక కుటుంబం వరసగా నిలబడి కనబడేది. ఈ వరసకు చట్టపరమైన బరువు కూడా ఉంది. ఏథెన్స్‌లో ఉన్నత పదవికి ఎంపికైనవాణ్ని విచారించేటప్పుడు తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నవాటితో పాటు మీ కుటుంబ సమాధులు ఉన్నాయా, ఎక్కడున్నాయి అని కూడా అడిగేవారు. సమాధుల ఆవరణ పౌరసత్వానికి సాక్ష్యమన్నమాట. మ్యూజియం గదిలో ఒక్కో రాయినీ విడిగా చూసినప్పుడు మనం పోగొట్టుకునేది దీన్నే.

చనిపోయింది ఎవరన్న ప్రశ్నకు అంఫరేతే ఫలకం మంచి పరీక్ష. కెరామైకోస్ మ్యూజియంలో ఉంది, క్రీ.పూ. ఐదో శతాబ్దం చివరిది. యువతి ఒకామె పసిబిడ్డను గుడ్డలో పొదువుకుని కూర్చుంది, ఇంకో చేతిలో చిన్న పక్షిని పట్టుకుంది, బిడ్డ చేయి చాపుతోంది. చూసినవాళ్లంతా తల్లీబిడ్డలే అంటారు. పైన రాసింది చదవండి. "నా కూతురి ముద్దుబిడ్డను ఎత్తుకున్నాను. ఇద్దరం బతికి సూర్యుడి వెలుగు చూసిన రోజుల్లో ఒడిలో పెట్టుకున్నట్టే, చనిపోయిన నేను చనిపోయిన బిడ్డను ఇప్పుడూ ఎత్తుకున్నాను." ఆమె అమ్మమ్మ! ముఖంలో ఒక్క ముడత లేదు. ఇద్దరూ మృతులే. ముఖాలు నిజమైనవేనా అన్న మీ ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఉండదు. ముఖాల్లో పెద్ద వయసును గడ్డంతోనో, కర్రతోనో, కూర్చున్న తీరుతోనో సూచించేవారు. ఆ మనిషి పోలికలు పట్టుకోవాలన్న పట్టుదల వాళ్లకు లేదు. పైగా చాలా ఫలకాలు కార్ఖానాలో ముందే చెక్కి పెట్టినవి. కొనేవారు వచ్చాక పేరు చెక్కేవారు. తరువాత ఇంకొకరు పోతే అదే రాతి మీద ఆ పేరూ చేర్చేవారు. అందుకే కొన్నిచోట్ల బొమ్మలు ముగ్గురివి, పేర్లు నలుగురివి.

చేతులు కలపడం గురించి. దాన్ని వీడ్కోలు అని కొందరు, పరలోకంలో తిరిగి కలుసుకోవడం అని కొందరు రాశారు. నాకు రెండూ ఇరుకుగా అనిపిస్తాయి. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు ఫలకాల్లో భార్యాభర్తలు, తండ్రీకొడుకులు, తల్లీకూతుళ్లు అందరూ చేతులు కలుపుతారు, బతికున్నవారు మృతులతో, మృతులు మృతులతో కూడా. అది ఈ బంధం తెగలేదన్న ప్రకటన. అందువల్లే ఎవరు బతికున్నారో గుర్తుపట్టే గుర్తులు శిల్పి పెట్టలేదు, అతనికి ఆ తేడా చూపించాలని లేదు.

నగరమూ కుటుంబమూ ఒకే మృతుడి కోసం పోటీపడ్డ సంగతి చూడాలంటే దెక్సిలేయోస్ ఫలకం దగ్గర నిలబడాలి. కెరామైకోస్‌లో దారి మలుపు దగ్గర, వంపు తిరిగిన గోడ మీద అందరికీ కనబడేలా ఎత్తుగా పెట్టారు. గుర్రం రెండు కాళ్ల మీద లేచింది, పైనున్న యువకుడు కింద పడ్డ శత్రువును పొడుస్తున్నాడు. ఈటె, కళ్లెం కంచువి, ఇప్పుడు వాటి రంధ్రాలే మిగిలాయి. కింద రాసింది ఇది. థోరికోస్ ఊరి లిసానియాస్ కొడుకు దెక్సిలేయోస్, తెయిసాంద్రోస్ అధికారంలో ఉన్న ఏడు పుట్టాడు, యూబులిదెస్ అధికారంలో ఉన్న ఏడు చనిపోయాడు, కొరింథ్ దగ్గర, ఐదుగురు గుర్రపు రౌతుల్లో ఒకడుగా. మన లెక్కలో క్రీ.పూ. 414లో మొదలైన ఏడు పుట్టి, 394లో మొదలైన ఏడు పోయాడు, ఇరవై ఏళ్లు. పుట్టిన ఏడు రాయడం ఏథెన్స్ సమాధుల్లో మరెక్కడా లేని పద్ధతి. ఎందుకు రాశారు? క్రీ.పూ. 404–403లో ముప్పైమంది నియంతలు ఏథెన్స్‌ను నెత్తుటిలో ముంచినప్పుడు గుర్రపు దళం వాళ్ల పక్షాన నిలిచింది. ఆ మచ్చ ప్రతి రౌతు మీదా పడింది. మావాడు అప్పటికి పదేళ్ల పిల్లవాడు, ఆ పాపంతో అతనికి సంబంధం లేదు అని కుటుంబం రాతి మీద చెబుతోందని చాలామంది పండితుల అభిప్రాయం, నాదీ అదే. దెక్సిలేయోస్ శవం ఆ రాతి కింద లేదు, యుద్ధమృతుల ప్రజాసమాధిలో ఉంది. ఆ యుద్ధంలో చనిపోయిన రౌతుల కోసం చెక్కిన జాబితా దొరికింది. అందులో కొరింథ్ దగ్గర పోయిన పదకొండుమందిలో ఒకడిగా అతని పేరుంది, తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. నగరం తీసేసిన వాటినన్నిటినీ కుటుంబం తన రాతి మీద తిరిగి రాసుకుంది.

ఈ గౌరవం పెద్దింటివాళ్లకే పరిమితం కాలేదు. మెలిత్తా అనే దాది ఫలకం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తాను పెంచిన హిప్పోస్త్రాతే దాన్ని పెట్టించింది. "బతికుండగా నిన్ను ప్రేమించాను దాదీ, ఇప్పుడు భూమి కింద ఉన్నా గౌరవిస్తున్నాను, నేను బతికున్నంత కాలం గౌరవిస్తాను" అని రాయించింది. బొమ్మలో దాది కూర్చుంది, ఎదురుగా చిన్నపిల్ల నిలబడింది. పద్యం రాయించిన నాటికి ఆ పిల్ల పెద్దదైపోయి ఉంటుంది. రాతి మీద మాత్రం దాది చేతుల్లో పెరిగిన వయసులోనే ఉంది.

ఇక దుఃఖం అసలే కనబడదా అంటే, కనబడే ఫలకం ఒకటుంది. మీరు చెప్పిన ఆనుకున్న యువకుడు అతనే. 1874లో ఏథెన్స్‌లోని ఇలిస్సోస్ నదిలో దొరికింది, క్రీ.పూ. 340–330 ప్రాంతం, ఎత్తు 1.68 మీటర్లు. యువకుడు మెట్టు మీదికి వాలి కాళ్లు మెలివేసుకున్నాడు, వేట కుక్క నేల వాసన చూస్తోంది, చిన్న బానిస బాలుడు మోకాళ్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. ఎదురుగా ముసలి తండ్రి కర్ర ఊతగా నిలబడి, చెయ్యి గడ్డం దగ్గర పెట్టుకుని కొడుకునే చూస్తున్నాడు. కొడుకు తండ్రిని చూడడు. నేరుగా మన వైపు చూస్తాడు. తండ్రి చూపు అతన్ని చేరడం లేదని గమనించాక ఇక కన్నీరు ఎక్కడ అని ఎవరూ అడగరు. ఇక్కడ కూడా దారిన పోయేవాడిదే కీలక స్థానం. మృతుడు చూస్తున్నది అతణ్నే.

క్రీ.పూ. 317 తరువాత ఏథెన్స్‌లో ఇదంతా ఆగిపోయింది. నగరాన్ని పదేళ్లు ఏలిన ఫలేరోన్ దెమెత్రియోస్ మూడు మూరలు మించని చిన్న స్తంభం, లేదా బల్ల, లేదా తొట్టి తప్ప సమాధి మీద ఏదీ ఉండకూడదన్నాడు. ఆపై పేరు మాత్రమే చెక్కిన పొట్టి స్తంభాలే. ఇతర ప్రాంతాల్లో ఫలకాలు కొనసాగాయి. వోలోస్ మ్యూజియంలో ఉన్న హెదిస్తే ఫలకం దెమెత్రియాస్ నగరానిది, అలెగ్జాండర్ తరువాతి హెలెనిస్టిక్ కాలానిది. చెక్కినది కాదు, రంగులతో చిత్రించినది. ప్రసవంలో చనిపోయిన స్త్రీ మంచం మీద పడి ఉంది, భర్త దగ్గర కూర్చుని ఆమెను చూస్తున్నాడు, వెనుక ఒకామె పసికందును ఎత్తుకుని ఉంది. బిడ్డను చేతుల్లోకి తీసుకోలేకపోయింది, పాలు పట్టలేకపోయింది, ఇద్దరినీ ఒకే సమాధి కప్పేసింది అని పద్యం. చావును ఇంత సూటిగా చూపించిన సమాధి ఫలకాలు గ్రీకు ప్రపంచంలో కొద్దే. దాని రంగులు నిలిచింది కూడా కోటగోడ వల్లే. ఆ ఊరివాళ్లు సమాధి ఫలకాలను బురుజుల్లోకి పూడ్పురాళ్లుగా వేశారు, అలా ఎండావానా తగలకుండా మిగిలాయి.

మళ్లీ ఏథెన్స్ వెళితే క్రమం మార్చండి. ముందు కెరామైకోస్‌కు వెళ్లండి. దారి పక్కన హెగెసో, దెక్సిలేయోస్ ఫలకాల నకళ్లు అసలు చోట్లలోనే నిలిపి ఉన్నాయి. ఆ దారిన నడిచి, రాయి ఏ ఎత్తులో ఉంది, ఎటు తిరిగి ఉంది, పక్కన ఎవరున్నారు అన్నది చూసుకున్నాక జాతీయ మ్యూజియానికి రండి. అక్కడ ముఖాల కంటే ముందు మూడింటిని వెతకండి. పై అంచున లేదా పీఠం మీద రాసిన పేర్లు, కంచు ముక్కలు అమర్చిన రంధ్రాలు, అక్షరాల గాళ్లలోనో గుడ్డ మడతల్లోనో మిగిలిన రంగు. గ్రీకు లిపి రెండు మూడు రోజుల్లో పట్టుబడుతుంది, పేరు కూడబలుక్కుని చదవడానికి అది చాలు. బొమ్మల కింద మ్యూజియం వాళ్లు పెట్టిన చీటీల్లో పద్యాల అనువాదం అన్నిచోట్లా ఉండదు, కాబట్టి ఫ్రసిక్లేయా, అంఫరేతే, క్రోయిసోస్ పద్యాలను ముందే రాసుకుని వెంట తీసుకెళ్లండి.